పట్టె సందులో కాపురం

అరచేతిలో ఒక ఉలవ గింజ పెట్టుకుని చూడండి. చదునుగా, ఇటుక రంగులో, అర సెంటీమీటరు పొడవు ఉంటుంది. దానికి ఆరు కాళ్లు తగిలిస్తే అదే నల్లి. ఉలవ తెలిసిన మన సీమవాళ్లకు ఇంతకంటే మంచి పోలిక దొరకదు. నల్లికి రెక్కలుండవు. ఎగరదు, దూకదు, నడుస్తుంది. కడుపునిండా తాగాక మాత్రం ఉలవ పోలిక పోయి ఉబ్బి, పొడుగై, ముదురెరుపుకు తిరుగుతుంది. అప్పుడే పుట్టిన పిల్ల నువ్వు గింజలో సగం ఉంటుంది. ఒంటికి దాదాపు రంగే ఉండదు కాబట్టి, రక్తం తాగినప్పుడే పొట్టలో ఎర్ర చుక్కలా కంటికి ఆనుతుంది. గుడ్డు ఒక మిల్లీమీటరు. బొంబాయి రవ్వ పలుకులా తెల్లగా, పెట్టినచోటే జిగురుతో అంటుకుని ఉంటుంది. దులిపితే రాలదు. ఈ గుడ్డు సంగతి గుర్తుంచుకోండి, ముందుముందు అవసరపడుతుంది.

గొర్రెల దగ్గర, పశువుల దగ్గర పడుకునేవాళ్లు ఒక్కోసారి పిడుదును చూసి నల్లి అనుకుంటారు. పిడుదుకు ఎనిమిది కాళ్లు, అది ఒంటిని పట్టుకుని వేలాడుతుంది. నల్లి ఒంటిమీద కాపురం ఉండదు. ఐదు పది నిమిషాలు తాగి దిగి, వచ్చిన దారినే సందులోకి పోతుంది. బొద్దింక పిల్ల అని అనుమానం వస్తే మీసాలు చూడండి, బొద్దింకకు అవి చాలా పొడుగు.

*

హిందీలో నల్లిని ఖట్మల్ అంటారు, ఖాట్ అంటే మంచం. తమిళంలో మూట్టైపూచ్చి, అందులో మూట వినిపిస్తుంది. ఒకరికి మంచంలో కనబడింది, ఇంకొకరికి మూటలో. బెంగళూరులో గది తీసుకున్న పులివెందుల పిల్లలకు కన్నడం మాట కూడా తెలిసి ఉండాలి: తిగణె. సంస్కృతంలో మత్కుణం. 1820లో కడపకు వచ్చి, ఇక్కడే పండితులను కూర్చోబెట్టి పని చేయించిన బ్రౌన్ దొర 1852లో అచ్చువేసిన నిఘంటువులో నల్లికీ చోటిచ్చాడు.

*

పంచతంత్రంలో ఒక రాజుగారి పరుపు కథ ఉంది. పరుపు దుప్పటి మడతలో మందవిసర్పిణి అనే పేను ఎవరికీ తెలియకుండా బతుకుతుంటుంది. దాని దగ్గరికి అగ్నిముఖుడనే నల్లి విందుకు వస్తాడు. రాజు నిద్రపోయేదాకా ఆగమని పేను చెప్పినా వినకుండా కుట్టేస్తాడు. రాజు లేస్తాడు, సేవకులు దీపాలు పట్టుకుని వస్తారు. నల్లి మంచం సందులోకి జారుకుంటాడు. దుప్పటి మడతలో దొరికిన పేను ప్రాణాలు పోగొట్టుకుంటుంది.

చెడ్డ సావాసం గురించిన కథగా దీన్ని పిల్లలకు చెబుతాం. నాకు మాత్రం ఆ కథ చెప్పినవాడి కన్ను మీద గౌరవం. వెలుగు పడగానే నల్లి ఎటు పోతుందో ఆయన చూశాడు. దుప్పటి దులిపితే దొరికేది నల్లి కాదనీ, అది మంచం కర్రలో ఉంటుందనీ ఆయనకు తెలుసు. ఇవాళ నల్లులు పడిన ఇళ్లలో చాలామంది ఆ సేవకుల పనే చేస్తున్నారు. దుప్పట్లు ఉతుకుతారు, పరుపు మీద మందు కొడతారు, సందు జోలికి పోరు.

*

నీచుడితో పొత్తు పెట్టుకున్నవాడికి కీడు వస్తుందని చెప్పడానికి సుమతీ శతకకారుడు తీసుకున్న పోలిక కూడా ఇదే: కుట్టేది నల్లి, దెబ్బలు మంచానికి. ఆ పోలిక వెనుక ఒక ఇంటి పని ఉంది. మంచాన్ని ఎత్తి నేలకేసి కొట్టి నల్లులను రాల్చడం మన పల్లెల్లో శతాబ్దాలుగా ఉన్నదే.

మా జేజి ఆ పని చేసేది. ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం, వాకిట్లో కడప బండలు చెయ్యి పెట్టలేనంత కాలిన వేళకే మంచం బయటికి తెప్పించేది. ముందు నులక ఇప్పించేది. "నులక ఇప్పకుండా నీళ్లు పోస్తే ఏమొస్తాది నాయనా, అవి ఉండేది కర్రలో కదా" అనేది. నులకను చుట్టగా చుట్టి కాగులో మరిగే నీళ్లలో ముంచేది. కోళ్లు, పట్టెలు విడదీయించి, పట్టె కోడులోకి దిగే బెజ్జం ఒక్కొక్కదానిలో చెంబుతో మరుగునీళ్లు పోసేది. ఆ తర్వాతే బండకేసి కొట్టడం. రాలిన నల్లి బండ మీద పది అడుగులు కూడా నడవలేకపోయేది.

ఈ పనిలో ఎంత శాస్త్రం ఉందో నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అమెరికాలో 2011లో అచ్చయిన ప్రయోగాల ప్రకారం 45 డిగ్రీల వేడిలో పెద్ద నల్లి చావడానికి దాదాపు గంటన్నర పట్టింది, గుడ్డు చావడానికి 7 గంటలు. వేడి 48 దాటితే పెద్దవి అక్కడికక్కడే పోయాయి. గుడ్డును అలా అప్పటికప్పుడు చంపడానికి 55 డిగ్రీల దాకా కావలసి వచ్చింది. అంటే ఎండ ఒక్కటే చాలదు. ఎండ పెద్దవాటిని చంపితే, మరుగునీళ్లు గుడ్లను చంపాయి. జేజి చేతిలో థర్మామీటరు లేదు, కానీ వరస తప్పలేదు.

నులక మంచాలు పోయి ప్లైవుడ్ మంచాలు వచ్చాయి. వాటి మీద మరుగునీళ్లు పోస్తే చెక్క ఉబ్బుతుంది. వాటికి ఆవిరి పట్టే యంత్రం మంచిది. దాని మూతిని సందు వెంట మెల్లగా, అంగుళం అంగుళం జరపాలి. గబగబా ఊపితే పైన తడి తప్ప లోపలికి వేడి దిగదు. దూది పరుపును పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మేడమీద వేసినా నడిబొడ్డు చల్లగానే ఉంటుంది, నల్లి అక్కడికే పాకుతుంది. అందుకని పరుపును ఎండలో వేస్తే గంటకోసారి తిప్పండి, కుట్ల వెంట ఆవిరి పట్టండి. బొంతలు, దుప్పట్లు, దిండు గలీబులు 60 డిగ్రీల నీళ్లలో ఉతికితే గుడ్డుతో సహా పోతాయి. పొయ్యి మీద పెద్ద గిన్నె పెట్టి కాచినా అదే ఫలితం.

*

కొత్తిమీర ముక్కు దగ్గర నలిపి చూడండి. బాగా నల్లులు పడిన గదిలో వచ్చే వాసన దానికి దగ్గరగా ఉంటుంది. రెండింటిలోనూ ఆల్డిహైడ్లనే ఒకే కుటుంబం రసాయనాలున్నాయి. గ్రీకులో నల్లిని కోరిస్ అంటారు, కొత్తిమీర ఇంగ్లీషు పేరు కోరియాండర్ దాన్నుంచే పుట్టిందని చెబుతారు.

*

మన ప్రాంతపు ఇల్లు నల్లికి బాగా అనువైనది. పాత మిద్దెల్లో దూలాలు, వాటిమీద అడ్డకర్రలు, ఆపైన బండలు, దానిపైన చౌడు. కొత్త ఇళ్లలో కూడా అలమరలకు, అరుగులకు, మెట్లకు కడప బండే. బండ నునుపే కానీ బండకూ బండకూ మధ్య సున్నం రాలిన గీత ఉంటుంది. పోస్టుకార్డు దూరే సందు చాలు, నల్లి అందులో ఉండగలదు. పూర్వం ఉగాదికి ముందు గోడలకు సున్నం కొట్టేవాళ్లు. ఏడాదికోసారి పగుళ్లన్నీ మూసుకుపోయేవి. ఇప్పుడు గోడలకు రంగులేసి ఐదేళ్లు ముట్టుకోం. పగుళ్లు మాత్రం ఐదేళ్లు ఆగవు.

వెతకాల్సిన చోట్లు: మంచం మేకులు, స్క్రూల తలలు, తలాపు చెక్క వెనుక, పరుపు కుట్టు, పరుపు కింద చీటీ, గోడ క్యాలెండరు వెనుక, పెళ్లి ఫోటో చట్రం వెనుక, స్విచ్చు బోర్డు, కర్టెన్ మడత, ప్లాస్టిక్ కుర్చీ అడుగు. ముందు మంచం, ఆ తర్వాత మంచానికి నాలుగైదు అడుగుల లోపల ఉన్నవన్నీ. నల్లి దూరం పోయి ఉండడానికి ఇష్టపడదు, అన్నం దగ్గరే ఇల్లు కట్టుకుంటుంది. తెల్లవారుజామున రెండు, మూడు గంటలకు లేచి సెల్ లైటు వేసి చూడండి. నల్లి బయట ఉండే వేళ అది.

నల్లి కనబడకపోయినా దాని గుర్తులు కనబడతాయి. దుప్పటి మీద, పట్టె మీద కాటుక చుక్కల్లాంటి మచ్చలుంటాయి, అది జీర్ణమైన రక్తం. తడిగుడ్డతో రుద్దితే తుప్పు రంగులో పారాడుతుంది. గోధుమ పొట్టులాంటి ఖాళీ తోళ్లుంటాయి. పుట్టినప్పటి నుంచి పెద్దదయ్యేలోపు నల్లి ఐదుసార్లు తోలు విడుస్తుంది, విడిచే ప్రతిసారికీ ముందు ఒక్కసారైనా తాగాలి. ఒంటి మీది దద్దుర్లను మాత్రం నమ్మలేం. దోమకూ అలాగే వస్తాయి. కొందరికైతే ఎంత కుట్టినా దద్దురే రాదు, కొందరికి రోజులు గడిచాక వస్తుంది. ఒకే మంచంలో భార్య ఒళ్లంతా గోక్కుంటుంటే భర్త "నాకేం లేదే" అంటే, అతన్ని కుట్టలేదని కాదు.

*

మనవైపు నల్లి, అమెరికా యూరప్ నల్లి ఒకటి కాదు. అక్కడ ఎక్కువగా ఉండేది సైమెక్స్ లెక్టులేరియస్. మనలాంటి వేడి దేశాల్లో ఎక్కువగా ఉండేది సైమెక్స్ హెమిప్టెరస్. చూపుకు తేడా తెలియదు. కానీ ఒక తేడా మనకు ముఖ్యం. మలేసియాలో చేసిన పరిశోధనలో మన నల్లి కాళ్లకు అతుక్కునే వెంట్రుకలు ఎక్కువని, నున్నటి గోడలు కూడా ఎక్కేస్తుందని తేలింది. అమెరికాలో మంచం కోళ్ల కింద పెట్టుకునే ప్లాస్టిక్ ఉచ్చు గిన్నెలు ఆ నునుపును నమ్ముకుని చేసినవే. ఆన్‌లైన్లో తెప్పించుకునే ముందు ఈ సంగతి ఆలోచించండి. చీమలకని కోళ్ల కింద మనం పెట్టే నీళ్ల గిన్నె మేలు. అయితే మంచం గోడను తాకకూడదు, దుప్పటి నేలకు వేలాడకూడదు.

కోళ్లంటే గుర్తొచ్చింది. మన నల్లి మనిషిని ఒక్కణ్నే కాదు, కోడినీ కుడుతుంది. మంచం కోళ్లు కడిగి, ఆ పక్కనే ఉన్న కోళ్ల గూడు వదిలేస్తే మళ్లీ అక్కడి నుంచి వచ్చేస్తాయి. రెండు రకాల కోళ్లనూ చూడాలి.

*

నల్లి వల్ల జబ్బులొస్తాయా? ఈ ప్రశ్నకు జవాబు వెతికిన చోట్లలో మద్రాసు ఒకటి. కడప జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన డబ్ల్యు.ఎస్. ప్యాటన్ అనే సైనిక వైద్యుడు 1907లో కాలా అజార్ జ్వరపు క్రిములు నల్లి కడుపులో పెరగడం చూశాడు. ఆ జ్వరాన్ని మోసేది నల్లేనని అనుమానించాడు. ఆ అనుమానం చాలా ఏళ్లు నడిచింది. చివరికి 1942లో అస్సాంలో స్వామినాథ్, షార్ట్, ఆండర్సన్ చేసిన పనితో నేరం ఇసుక ఈగదని తేలింది. ఇవాళ్టికి మామూలు ఇళ్లలో నల్లి మనిషికి ఏ జబ్బునూ అంటించినట్టు రుజువు లేదు.

అలాగని తేలిగ్గా తీసుకోవద్దు. నిద్ర పోతుంది. గోకిన చోట పుండు పడుతుంది. విపరీతంగా పడిన ఇళ్లలో పసిపిల్లలకు, ముసలివాళ్లకు రక్తం తగ్గిన సందర్భాలు వైద్యులు రాశారు. పుండు చీము పట్టినా, పిల్లలు పాలిపోయినా డాక్టరుకు చూపించండి.

*

1953లో మన దేశంలో మలేరియా నివారణ కార్యక్రమం మొదలైంది. ఇంటింటికీ వచ్చి గోడలకు డి.డి.టి. కొట్టి, తలుపు పక్కన తేదీ వేసి పోయేవాళ్లు. మొదట్లో నల్లులు కూడా చచ్చాయి, జనం సంతోషించారు. తర్వాత చావడం మానేశాయి. ఇది మన ఒక్కరి కథ కాదు. డి.డి.టి. పురుగులను చంపుతుందని కనిపెట్టిన పాల్ ముల్లర్‌కు 1948లో నోబెల్ బహుమతి వచ్చింది. అంతకు ఏడాది ముందే, 1947లో, హవాయిలోని పెర్ల్ హార్బర్ నౌకాదళ బ్యారకుల్లో ఆ మందుకు చావని నల్లులు కనబడ్డాయి. ఇప్పటి దోమల మందుల్లో, స్ప్రేల్లో ఉండే పైరిత్రాయిడ్లకు కూడా లోకమంతా నల్లులు తట్టుకుంటున్నాయి. గదినిండా పొగలా చిమ్మే డబ్బాలను 2012లో ఒహాయోలో పరీక్షిస్తే, సందులో ఉన్న నల్లికి ఏమీ కాలేదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి గట్టిగా చెప్పాలి. మనది చీనీ తోటలు, అరటి, పత్తి, శనగ పండించే ప్రాంతం. ప్రతి రైతు ఇంట్లో ఏదో ఒక పొలం మందు ఉంటుంది. ఇంటి స్ప్రే పనిచేయలేదని మోనోక్రోటోఫాస్ లాంటిది తెచ్చి మంచానికి కొట్టేవాళ్లున్నారు. అది పొలం కోసం, గాలి ఆడే చోటు కోసం చేసింది. మూసిన గదిలో, పిల్లలు పడుకునే పరుపు మీద అది చర్మంలోంచి లోపలికి పోతుంది. అంతకంటే ఘోరం శనగల గోదాముల్లో పురుగుకు పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ గోలీలు. గాలిలోని తడి తగిలితే చాలు, ఫాస్ఫీన్ వాయువు వస్తుంది. దానికి విరుగుడు లేదు. గోలీ పక్క గదిలో పెట్టినా ఆ వాయువు సందుల్లోంచి నిద్రపోతున్నవాళ్ల దగ్గరికి వస్తుంది. నల్లి కుట్టి చావడం చాలా అరుదు, నల్లి మందుతో మాత్రం చచ్చిపోయారు. పొలం మందు పొలం దగ్గరే ఉండాలి. ఎవరికైనా వాంతులు, ఊపిరాడకపోవడం, నోట నురగ కనిపిస్తే గది తలుపులు తీసి, మనిషిని బయటికి తెచ్చి 108కి ఫోన్ చేయండి.

కిరసనాయిలు సందుల్లో పోస్తే నిప్పు భయం. కలరా ఉండలకు నల్లి పోదు, పసిబిడ్డల రక్తానికి మాత్రం అవి చెరుపు. సీతాఫలం గింజల పొడి కంట్లో పడితే కన్ను దెబ్బతింటుంది. వేపాకు, వావిలాకు పరుపు కింద వేసుకుంటే నష్టం లేదు, కానీ వాటినే నమ్ముకుని కూర్చోకండి. మందు తప్పనిసరైతే లైసెన్సు ఉన్న పెస్ట్ కంట్రోల్ వాళ్లను పిలిచి, ఏ మందు కొడుతున్నారో పేరు అడగండి. రెండోసారి ఎప్పుడొస్తారో ముందే మాట్లాడుకోండి.

*

నల్లి నడిచి ఊరు దాటదు. మనమే మోసుకొస్తాం. మన జిల్లా నుంచి కువైట్ పోయినవాళ్లు ఎందరో. ఒకే గదిలో ఒకదానిపై ఒకటిగా ఇనప మంచాలు వేసుకుని పదిమంది పడుకునే చోట్ల నల్లి పడడం వింత కాదు. రెండేళ్లకు బిడ్డలకు బొమ్మలు, దుప్పట్లు సర్దుకుని వచ్చే పెట్టెలో అదీ వస్తుంది. కడుపుతో ఉన్న ఒక్క ఆడనల్లి చాలు, ఇల్లంతా నింపడానికి. దగ్గరి రక్తసంబంధంలో పిల్లలను కన్నా వాటి జాతికి పెద్దగా దెబ్బ తగలదని అమెరికాలో చూశారు. ఇంటికొచ్చిన పెట్టెను తిన్నగా పడకగదిలోకి తీసుకుపోకుండా వాకిట్లో ఎండలో తెరవండి. బట్టలు వేడినీళ్లకు, పెట్టె కుట్లు లైటు వేసి చూడడానికి.

టెంటు హౌసు పరుపులు మరో దారి. పెళ్లికో, ప్రొద్దుటూరు దసరాకో, శ్రావణ శనివారం గండి గుడికో చుట్టాలొస్తే అద్దెకు తెచ్చిన పరుపులు, దిండ్లు ఇల్లంతా పరుస్తాం. తెచ్చినప్పుడు కుట్లు చూసి తీసుకోవడం తప్పు పట్టాల్సిన పని కాదు. రాత్రి బస్సులు, సినిమా సీట్లు, హాస్టల్ ట్రంకు పెట్టెలు, సెకండ్‌హ్యాండ్ మంచాలు కూడా అంతే.

2023లో, ఒలింపిక్స్‌కు ఏడాది ముందు, పారిస్ నగరం నల్లులతో గగ్గోలెత్తింది. రైళ్లలో, సినిమా హాళ్లలో వెతుకులాట. పేదరికానికీ మురికికీ నల్లికీ సంబంధం పెట్టి మాట్లాడేవాళ్లకు పారిస్‌ను చూపించాలి. శివుడు కొండెక్కడానికీ, విష్ణువు పాము మీద పడుకోవడానికీ నల్లి బాధే కారణమని మన చాటుపద్యం ఒకటి ఎప్పుడో చెప్పింది. దేవుళ్లకే తప్పలేదనుకున్న జాతి మనది. అయినా ఇవాళ ఇంట్లో నల్లి ఉందని పక్కింటివాళ్లకు చెప్పడానికి సిగ్గుపడతాం. గోడ ఒకటే అయిన ఇళ్లలో ఒకరు దాచిపెడితే ఇద్దరికీ నష్టం. చెప్పండి, ఇద్దరూ ఒకే రోజు మంచాలు బయటికి తీయండి.

*

ఈజిప్టులో ఆమర్నా దగ్గర పనివాళ్ల ఊరి తవ్వకాల్లో దాదాపు 3,350 ఏళ్ల నాటి నల్లి అవశేషాలు దొరికాయి. అంతకంటే వెనక్కి పోతే, నల్లి జాతి వయసు 11 కోట్ల ఏళ్లకు పైమాటేనని 2019లో తేల్చారు. గబ్బిలాలు పుట్టకముందే నల్లులున్నాయన్నమాట. గబ్బిలాల గుహల్లో తలదాచుకున్న మనుషులకు అక్కడి నుంచే అంటుకున్నాయని శాస్త్రవేత్తల ఆలోచన.

*

బాల్కన్ దేశాల్లో పూర్వం రాత్రి మంచం చుట్టూ రాజ్మా చిక్కుడు ఆకులు పరిచేవాళ్లు. పొద్దున ఆకుల నిండా నల్లులు. వాటిని ఊడ్చి కాల్చేవాళ్లు. ఆకు మీది కొక్కెంలాంటి నూగు నల్లి కాలును గుచ్చి పట్టేస్తుందని 2013లో కాలిఫోర్నియా, కెంటకీ పరిశోధకులు సూక్ష్మదర్శినిలో చూశారు. దాన్ని ప్లాస్టిక్‌తో చేయబోతే నల్లి తగులుకుంది గానీ నిలవలేదు. ఆకు చేసిన పని మనిషి చేత కాలేదు.

*

వేసవి సెలవులకు ఇల్లు తాళం వేసి పోతే నల్లులు ఆకలితో చస్తాయనుకుంటారు. చావవు. పెద్ద నల్లి నెలల తరబడి పస్తుంటుంది. పడకగదిలో నల్లులున్నాయని హాల్లోకి మారి పడుకోవడం ఇంకా పెద్ద తప్పు. మన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు, ఒంటి వేడి వాటికి దారి చూపిస్తాయి. నాలుగు రోజుల్లో హాల్లోకీ వస్తాయి, అప్పుడు వెతకాల్సిన గదులు రెండు. అదే మంచం మీద పడుకుంటూ ఆ మంచాన్నే బాగుచేయాలి.

ఇక మొదట గుర్తుంచుకోమన్న గుడ్డు. మన వేడికి అది వారం, పది రోజుల్లో పగులుతుంది. ఇవాళ మంచం విప్పి, మరుగునీళ్లు పోసి, సందులు సిమెంటుతో, పుట్టీతో మూసి, దుప్పట్లు కాచి, రేపు హాయిగా నిద్రపోయినా ఎక్కడో ఒక బెజ్జంలో రవ్వ పలుకులు నాలుగు మిగిలి ఉంటాయి. క్యాలెండరు మీద పన్నెండో రోజుకు గీత పెట్టుకోండి. ఆ రోజు మళ్లీ అన్నీ విప్పాలి, పిల్లలు పెద్దవై గుడ్లు పెట్టకముందే. ఆపైన ఇంకో పన్నెండో రోజు ఇంకోసారి. క్యాలెండరు తీసినప్పుడు దాని వెనుక కూడా చూడండి.